ఉరి వేసుకోని అరాఖ్ని

గ్రీసు దేశంలోని నౌసా ఊళ్లో నూలుమిల్లు మూతపడేనాటికి డోమ్నా అందులో ఇరవయ్యారేళ్లు పనిచేసింది. మిషన్ల మోతలో అరిచి అరిచి, ఆవిడ మామూలుగా మాట్లాడినా వీధి చివరికి వినబడేది. మిల్లు పోయాక పీచ్ తోటల్లో కాయలు కోయడానికి వెళ్లేది.

ఒక వసంతంలో థెస్సలోనికి పట్నం నుంచి ఉరానియా అనే నాటకాల అమ్మాయి వచ్చింది. మిల్లులో పనిచేసిన ఆడవాళ్లు కావాలంది. ఆరుగురు వెళ్లారు.

"అరాఖ్ని కథ చేద్దాం," అంది ఉరానియా. "నేనేం రాసుకురాలేదు. అందరం కలిసి అల్లుదాం."

వాళ్లందరూ బళ్లో చదువుకున్న కథే. నేతలో అథీనా దేవతకే దీటుగా నిలిచిన పిల్ల అరాఖ్ని. దేవతకు కన్నెర్రయింది. బట్ట చింపేసి, మగ్గం నాడెతో పిల్ల నెత్తిన కొట్టింది. అవమానంతో పిల్ల ఉరి వేసుకుంది. దేవత దాన్ని సాలెపురుగును చేసింది.

వారానికి మూడు సాయంత్రాలు కూచుని, మిల్లులో తమకు జరిగినవి చెప్పుకున్నారు. పాయిఖానాకు వెళ్తే గడియారం పట్టుకుని తలుపు బయట నిలబడే మేస్త్రీ థెమెలిస్ మాటలన్నీ దేవత నోట్లోకి చేరాయి. అరాఖ్ని వేషం డోమ్నాకు వచ్చింది.

ఉరి ఘట్టం నాడు ఉరానియా తాడు తెచ్చింది. డోమ్నా దాన్ని ముట్టలేదు.

"ఇది నేను మెడకేసుకోను."

"కథలో అలాగే ఉంది కదా అక్కా!"

"ఆ కథ చెప్పినవాడు ఒక్కరోజైనా మగ్గం ముందు కూచున్నాడా? మిల్లు మూసి నన్ను పంపేస్తే నేను ఉరేసుకున్నానా? మర్నాడే తోటకి పోలా?"

"దీనికి ఎదురొస్తే ఆ దేవతే ఉరేసుకుంటుంది," అంది ఆ ఆరుగురిలో ఒకతె, పొలిక్సేని. అందరూ నవ్వారు. ఉరానియా మాత్రం నవ్వలేదు. తాడు చుట్టి సంచిలో పడేసి, "అయితే ఏం చేస్తుంది, చూపించు," అంది.

డోమ్నా చిరిగిన బట్ట ఏరుకుని, దేవత కళ్లలోకి చూస్తూ మళ్లీ నేయడం మొదలుపెట్టింది. మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చి పక్కన కూచున్నారు.

ప్రదర్శనకు వారం ముందు పురపాలక సంఘం తరఫున సరాండిస్ అనే పెద్దమనిషి వచ్చి చూశాడు.

"మేస్త్రీ మాటలు తీసెయ్యండమ్మా. మిల్లు యజమాని గారి కుటుంబం వాళ్లు ముందు వరసలో కూచుంటారు."

"కూచోనివ్వండి. మేం ఇరవయ్యారేళ్లు నిలబడ్డాం," అంది డోమ్నా.

"అలాగైతే ఆటకి సంఘం హాలు ఇవ్వలేం."

"మీ హాలు మీరే ఉంచుకోండి!"

శనివారం పొద్దున సంతలో, పండ్ల పెట్టెల మధ్య ఆడారు. మైకు లేదు. డోమ్నాకు అవసరమూ పడలేదు. బేరాలు ఆగిపోయాయి. దేవత గడియారం తీసి, "రెండు నిమిషాలు! ఆ తర్వాత తలుపు పగలగొడతా!" అనగానే జనం తలలు టమాటాలు కొంటున్న ముసలి థెమెలిస్ వైపు తిరిగాయి. అతను కదలకుండా చివరిదాకా చూశాడు.

అయ్యాక దగ్గరకొచ్చి అడిగాడు: "డోమ్నా, నేనంత చెడ్డవాణ్ణా?"

"అంత కాదు థెమెలిస్. ఇంకా చెడ్డవాడివి. పిల్లలు చూస్తారని తగ్గించాం."

అతను టమాటాల సంచి పట్టుకుని వెళ్లిపోయాడు. చలికాలం వచ్చేలోగా నాటకం మరో నాలుగు ఊళ్లు తిరిగింది. ఇప్పుడు, మగ్గం నేస్తూ, యుద్ధానికెళ్లిన మొగుడి కోసం ఎదురుచూసిన పెనెలోపి కథ పట్టుకున్నారు. మొగుడి కోసం ఇరవయ్యేళ్లు ఎందుకు కాచుక్కూచోవాలని మొదటి సాయంత్రమే పెద్ద గొడవయింది.