టెరెన్షియా జవాబులు

ఉదయం నుంచీ రత్నకుమారికి ఒకచోట కుదురు లేదు. స్టవ్ మీద టీ పెట్టి మరిచిపోయింది. ఇస్త్రీ చేసిన చీరనే మళ్లీ ఇస్త్రీ చేసింది. సాయంత్రం కెనడాలోని ఎడ్మంటన్ తెలుగు సంఘం వాళ్లు ఆమె భర్త అమరేశ్వరరావుకు సన్మానం చేస్తున్నారు, సంఘాన్ని మొదలుపెట్టిన పెద్దమనిషని. సన్మానం ఎప్పుడూ దంపతులకే. కుర్చీలు రెండు, శాలువాలు రెండు, మైకు మాత్రం ఆయనకే.

ఉండబట్టలేక సంఘం కార్యదర్శికి ఫోన్ చేసింది. "అనితా, నాకూ రెండు నిమిషాలు ఇవ్వమ్మా."

"అయ్యో ఆంటీ, ప్రోగ్రామ్ చాలా టైట్. మీరు అంకుల్ పక్కన కూర్చుంటే చాలు. అయినా ఏం మాట్లాడతారు?"

"టెరెన్షియా గురించి."

"ఎవరాంటీ? మన మెంబరేనా?"

ఆసుపత్రి ల్యాబ్‌లో రిటైరయ్యాక రత్నకుమారి యూనివర్సిటీలో రోమన్ చరిత్ర క్లాసులకు వెళుతోంది. టెరెన్షియా తగిలింది అక్కడే. సిసిరో అనే గొప్ప వక్త, రాజకీయవేత్త భార్య. శత్రువులు ఆయన్ను దేశం నుంచి వెళ్లగొట్టి ఇల్లు నేలమట్టం చేస్తే, ఆమె రోమ్‌లోనే నిలబడింది. ఆయన్ను వెనక్కి రప్పించడానికి పాట్లుపడింది. ముసలితనంలో ఆయన ఆమెకు విడాకులిచ్చాడు. ఆమె నూరేళ్లు దాటి బతికిందంటారు. ఆయన ఆమెకు రాసిన ఉత్తరాలు ఇవాళ్టికీ ఉన్నాయి. ఆమె రాసిన జవాబు ఒక్కటీ మిగల్లేదు. ఆ మాట విన్న రోజు రత్నకుమారి, బస్సు తన స్టాపు దాటిపోయినా చూసుకోలేదు.

"కోపమా?" కారు నడుపుతూ అడిగాడు అమరేశ్వరరావు.

"కాదు."

"మరి ఆ బ్యాగు జిప్పు ఎందుకలా లాగుతావ్? ఊడొస్తుంది."

"రానివ్వండి."

హాల్లో అనిత మైకు అందుకుంది. "శ్రీమతి అమరేశ్వరరావు గారు కూడా వేదిక మీదికి రావాలి!"

కుర్చీలో కూర్చున్నా భుజం మీది శాలువా నిలవడం లేదు. సర్దితే మళ్లీ జారుతోంది. పక్కన ఆయన ఉపన్యాసం జోరందుకుంది.

"మొదటి ఉగాది ఒక చర్చి బేస్‌మెంట్‌లో చేశాం. బయట మంచు. వేపపువ్వు ఎక్కణ్ణుంచి తెస్తాం? అప్పుడు కాకరకాయ వేద్దామన్న ఆలోచన మాకొచ్చింది. ఇవాళ ఇక్కడ పుట్టిన పిల్లలకి కాకరకాయ లేనిది ఉగాది పచ్చడే కాదు!"

చప్పట్లు.

మాకొచ్చిందా? ఆ రోజు ఆయన ఊళ్లోనే లేడు. ఉద్యోగం మీద ఉత్తరాన ఫోర్ట్ మెక్‌ముర్రేలో మంచుకు చిక్కుకుపోయాడు. ఇంటింటికీ ఫోన్ చేసి అందరినీ పిలిచింది తను. కాకరకాయ వేయించి నలిపి పచ్చడిలో కలిపింది తను. ఇవాళ కదలకుండా కూర్చుంటే ఇక ఎప్పటికీ ఆయన చెప్పిందే నిజమైపోతుంది.

రత్నకుమారి లేచింది. మరిచిపోయిన పేరేదో ఎప్పటిలాగే అందించడానికి వచ్చిందనుకుని ఆయన ఆమె వైపు తల వంచాడు. ఆమె మైకు తీసుకుంది.

"నా పేరు రత్నకుమారి." ఒకసారి దగ్గింది. "ఆ కాకరకాయలు చైనా వాళ్ల కొట్లో కొన్నది నేను. ఈయన ఆ రోజు ఫోర్ట్ మెక్‌ముర్రేలో ఉన్నారు. ఆ పచ్చడి తిననే లేదు."

వెనక వరసలో ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. అమరేశ్వరరావు చెవులు ఎర్రబడ్డాయి. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మైకు వైపు వంగాడు.

"నిజమే. నాకు మిగల్చను కూడా లేదు."

హాలు గొల్లుమంది. ఆ నవ్వుల్లోనే ఆయన మైకు కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు. ముందు వరసలో అనిత చేతిగడియారం చూపిస్తోంది.

"చూశానమ్మా. నువ్వు కూర్చో," అంది రత్నకుమారి. శాలువా తీసి కుర్చీ మీద పడేసింది. "రోమ్‌లో టెరెన్షియా అని ఒకావిడ ఉండేది..."