అడగకుండా ఇచ్చిన నవ్వు

పాత బజారులో ఆమెను అందరూ స్టూడియో అక్క అనేవారు. తండ్రి పెట్టిన ఫొటో స్టూడియోను ఆయన తర్వాత ఆమే నడిపిస్తోంది. ఒకప్పుడు జనం బెంచీ మీద వరుస కట్టి కూర్చునేవారు. ఊరి బయట పెద్ద రోడ్డు పడి, దాని వెంట అద్దాల దుకాణాలు లేచాక బజారు మొహం చూసేవాళ్లే కరువయ్యారు. బట్టల కొట్టు మూతపడింది, సినిమా హాలూ మూతపడింది. మిగిలినవాళ్లు పొద్దున షట్టరు ఎత్తి, సాయంత్రం దాకా ఈగలు తోలుకుని, మళ్లీ షట్టరు దించేవారు.

ఎదురుగా వాచీలు బాగుచేసే ఆయనది అగ్గిపెట్టెంత కొట్టు. వయసులో పెద్దవాడు కాబట్టి ఆమె ‘అన్నయ్యా’ అనేది, ఆయన ‘చెల్లెమ్మా’ అనేవాడు.

“ఇవాళ బేరాలేమన్నా తగిలాయా అన్నయ్యా?”

“నువ్వొచ్చావుగా, అదొక్కటే.”

ఆయన భార్య పోయి చాలా ఏళ్లయింది. ఎవరైనా ఆమె మాట ఎత్తితే ఆయన భూతద్దం కంటికి తగిలించుకుని పనిలో తల దూర్చేవాడు.

అలాంటి బజారుకి బొమ్మలు వేసేవాళ్లూ, నాటకాలాడేవాళ్లూ కొందరు వచ్చారు. ఖాళీ బట్టల కొట్టును ఊడ్చి కడిగి అందులో మకాం పెట్టారు. శనివారాలు వీధి మధ్య పాటలు పాడతామన్నారు, సినిమా హాల్లో నాటకాలు ఆడతామన్నారు, గోడల మీద ఈ బజారు మనుషుల ముఖాలే వేస్తామన్నారు. వాళ్లలో బొమ్మలు వేసే అమ్మాయి పాత ఫొటోల కోసం స్టూడియోకి వచ్చింది.

అక్క పెట్టెలన్నీ దించింది. ఒక్క నెగెటివ్ దగ్గర ఆమె చెయ్యి ఆగింది. వాచీలాయన, భార్య జంటగా ఫొటో దిగడానికి వచ్చిన రోజుది. ఆయన తెర వెనక చొక్కా గుండీలు ఒక కాజా బదులు ఇంకో కాజాలో పెట్టుకుని తంటాలు పడుతుంటే ఆవిడ పగలబడి నవ్వింది. అప్పుడే పని నేర్చుకుంటున్న అక్క ముచ్చటపడి ఆ నవ్వును తీసేసింది. వాళ్లడిగింది జంట ఫొటో, అదే ఇచ్చింది. తర్వాత కొద్ది రోజులకే ఆవిడ జబ్బుపడి పోయింది. ఈ ఫొటో ఒకటి ఉందని ఆయనతో చెప్పడానికి అక్కకి నోరు రాలేదు. రేపు చూద్దాం, రేపు చూద్దాం అనుకుంటూనే ఏళ్లు గడిచిపోయాయి.

“అబ్బ, ఏం నవ్వక్కా ఇది!” అంది అమ్మాయి. “వాళ్ల ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటారా?”

“మావాళ్లే. నేను చెప్పాను, ఒప్పుకున్నారు.”

నోరు జారి అన్న మాట కాదది. అడిగితే కాదంటాడని ఆమెకు తెలుసు. ఆ నవ్వు గోడెక్కితే బజారు లేస్తుందనీ తెలుసు.

గోడకి పరదా కట్టి బొమ్మ వేశారు. పరదా దించిన శనివారం వీధి కిక్కిరిసింది. రెండంతస్తుల ఎత్తున ఆవిడ నవ్వుతోంది. జనం చప్పట్లు కొట్టారు. వాచీలాయన తన గడప మీద నిలబడి తలెత్తి చూశాడు. అలా చూస్తూనే వెనక్కి నడిచి, లోపలికి వెళ్లి, షట్టరు సగం దించుకున్నాడు.

ఆ వారం నుంచి బజారుకి కళ వచ్చింది. పిల్లలు ఆ బొమ్మ కింద అలాగే నవ్వుతూ ఫొటోలు దిగేవారు. “ఈవిడ సినిమా నటా తాతా?” అని వాచీలాయన్నే అడిగేవారు. ఆయన కుర్చీ తిప్పేసి వీధికి వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాడు. స్టూడియోకి మళ్లీ జనం వచ్చారు, అక్కకి మాత్రం ఎదుటి కొట్టు వైపు చూడటానికి మొహం చెల్లలేదు.

“అన్నం ముందు పెట్టుకుని ఏమాలోచిస్తున్నావ్?” అన్నాడు ఒక రాత్రి ఇంట్లో ఆమె భర్త. “వెళ్లి ఆయన కాళ్లు పట్టుకుంటావో, చేతులు పట్టుకుంటావో, ముందు వెళ్లు.”

మర్నాడు ఆ ఫొటో కాగితం మీద వేసి పట్టుకెళ్లింది.

“తప్పయిపోయింది అన్నయ్యా.”

ఆయన ఫొటో అందుకుని బల్ల దీపం కింద పెట్టుకున్నాడు.

“ఇది ఇన్నేళ్లూ మీ దగ్గరే ఉందా?”

‘మీరు’ అన్నాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

“నేను గుర్తుచేసుకుందామంటే జబ్బు మొహమే వచ్చేదమ్మా. ఇలా నవ్వేదని మర్చిపోయాను. ఊరంతా చూసే రోజున, ఊరితో పాటు చూశాను.” ఫొటో మీంచి తలెత్తకుండానే, “ఇంకేమన్నా ఉన్నాయా?” అన్నాడు.

“లేవన్నయ్యా.”

అది నిజమే. కానీ ఆయన నమ్మలేదని ఆమెకు అర్థమైంది. నమ్మమనే మొహం తనకి లేదనీ అర్థమైంది.

అక్కడినుంచి తిన్నగా బట్టల కొట్టుకి వెళ్లి, నలుగురి ముందూ తను ఆడిన అబద్ధం చెప్పేసింది. బొమ్మ వేసిన అమ్మాయి ముఖం పాలిపోయింది.

“మీరు చెప్పబట్టే కదక్కా వేశాను!”

“బజారు ఇప్పుడిప్పుడే కుదుటపడుతోంది, దాన్ని కదపొద్దు” అని దుకాణాలవాళ్లు గోల పెట్టారు. అమ్మాయి ఎవరి మాటా వినలేదు. వెళ్లి వాచీలాయన్నే అడిగింది.

“చెరిపెయ్ తల్లీ,” అన్నాడాయన. “బాగా వేశావు. ఎండకీ వానకీ ఆ మొహం పెచ్చులూడిపోతుంటే చూడలేను. బాగున్నప్పుడే చెరిపెయ్.”

సున్నం కొడుతున్నప్పుడు అక్క స్టూడియోలోంచి బయటికి రాలేదు. తర్వాత ఆ గోడ మీద రంగురంగుల గొడుగులు వేశారు. బజారు కూలిపోతుందన్నవాళ్లంతా చూస్తుండగానే మరుసటి శనివారమూ జనం వచ్చారు. పాటలు విన్నారు, నాటకం చూశారు, ఆకలేసి తిన్నారు. ఆ నవ్వు లేకపోయినా వచ్చేవాళ్లేనన్నమాట. అక్కని అన్నిటికంటే ఎక్కువ కోసింది అదే. బజారు కోసమే చేశానని చెప్పుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు.

వాచీలాయన కుర్చీ మళ్లీ వీధి వైపు తిప్పుకున్నాడు. ఎదురుపడితే పలకరిస్తాడు, ‘మీరు’ అనే. ఆమె దిద్దలేదు.

వెనక వీధిలో కూడా ముఖాలు వేయాలనుకున్నప్పుడు, ఇల్లిల్లూ తిరిగి అడిగే పని అక్కే మీద వేసుకుంది. మొదటి గుమ్మంలో ఒక ముసలావిడ నిలబడి, “మా ఆయన ఫొటో ఇవ్వనంటే?” అంది.

“ఇవ్వకపోతే వెయ్యరండీ.”

“అంతేనా?”

“అంతే.”

ముసలావిడ ఇవ్వనని తలుపు వేసుకుంది. అడగటమంటే ఇంత చిన్న పనా అనుకుంటూ అక్క మెట్లు దిగింది. పక్క గుమ్మం ముందు ఆగి తలుపు తట్టింది.