నాయన సైకిలు, రెండు నిమిషాల జవాబు

ఆదివారం సాయంత్రం నాలుగూ ఇరవైకి తమ్ముడు కాఫీ గ్లాసు కింద పెట్టి, ఫోనులో రెండు నిమిషాలకు గడియారం పెట్టి నా వైపు తిప్పి, "ఇంగ అడుగక్కా" అన్నాడు.

వాడు కోలారు పక్కన తమక అనే ఊళ్లో ఒక ఆసుపత్రిలో నర్సు. బయటి దేశంలో ఉద్యోగం కోసం ఇంగ్లిష్ పరీక్షకు కూర్చుంటున్నాడు. చదవడం, రాయడం, వినడం గట్టెక్కాయి. మాట్లాడే భాగంలో మార్కులు చాలక ఒకసారి పోయింది. ఇంకోసారి పోతే ఆ ఉద్యోగం వేరేవాళ్లకు వెళ్లిపోతుంది. నేను రాబర్ట్‌సన్‌పేటలో ఒక బడిలో ఇంగ్లిష్ చెబుతాను. అందుకని ఆదివారాలు వాడిచేత మాట్లాడించే పని నాది.

పోయినసారి పరీక్షలో వాడిని సైకిళ్ల గురించి అడిగారు. మీ ఇంట్లో సైకిలు ఉండేదా అంటే "యెస్, మై ఫాదర్ హ్యాడ్ వన్" అన్నాడట. దాని గురించి ఇంకొంచెం చెప్పమన్నారు. వాడు చెప్పలేకపోయాడు. అడిగినాయన కొంతసేపు చూసి వేరే ప్రశ్నకు వెళ్లాడు. ఆ తర్వాత దేనికీ వాడికి నోరు పెగల్లేదు.

ఇంగ్లిష్ రాక కాదు. తాను పనిచేసే బంగారు గని మూసేశాక నాయన బెంగళూరులో ఒక ఫ్యాక్టరీ దగ్గర కాపలా పనికి కుదిరాడు. తెల్లవారకముందే రైలు. ఇంటినుంచి స్టేషనుకు సైకిలు. రైలు తప్పితే ఆ రోజు పని లేనట్టే. అందుకని ఆ సైకిలును ఆయన ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. చైను జారినా, గాలి తగ్గినా అనుమానం మా మీదే. తమ్ముడు బాడుగ సైకిలు మీద మోకాళ్లు చీరుకుని తనంతట తాను నేర్చుకున్నాడు. ఒకరోజు నాయన పనిచేసే చోటే కుప్పకూలి చనిపోయాడు. సమాధి చేసిన మరునాడు, స్టేషను స్టాండులో మిగిలిపోయిన సైకిలు కోసం తమ్ముడు వెళ్లాడు. వాడు దాని మీద చెయ్యి వేయడం అదే మొదలు. ఎక్కలేదు. గని మట్టి దిబ్బల పక్కనుంచి ఇంటిదాకా తోసుకుంటూ వచ్చాడు.

ఉన్నది ఉన్నట్టు చెబితే చాలని నేను అనుకున్నాను.

"స్టాండులో మనిషి ఏమన్నాడు? అది చెప్పు."

"టోకెన్ అడిగినాడు."

"ఇంగ్లిష్‌లో."

"హి ఆస్క్డ్ టోకెన్."

"ఆస్క్డ్ ఫర్. తర్వాత?"

"టోకెన్ నాయన జోబీలో ఉండె కదక్కా."

ఆ ఆదివారం అక్కడితో ఆగింది. ఆ తర్వాతి ఆదివారం కూడా వాడు స్టాండు దాటలేదు.

తర్వాత ఒక వారం వాడు కోలారులో కోచింగు సెంటరునుంచి కొత్త జవాబుతో వచ్చాడు. "సారు ఏమంటాడంటే, వాళ్లకి నిజంతో పని లేదంట. మాట ఆగకూడదంట, అంతే."

మొదలుపెట్టాడు. చిన్నప్పుడు నాయన తనను మైదానానికి తీసుకెళ్లి సైకిలు నేర్పించాడు. సీటు పట్టుకుని వెనకాలే పరిగెత్తాడు. కొంతదూరం పోయి వెనక్కి చూస్తే నాయన ఎప్పుడో చెయ్యి వదిలేసి, దూరంగా నిలబడి నవ్వుతున్నాడు.

అలాంటి తండ్రిని నేను పుస్తకాల్లో చాలాసార్లు చూశాను. ఇంట్లో ఎన్నడూ చూడలేదు. కానీ తమ్ముడు ఒక్కచోట కూడా తడబడలేదు. నాయన కాని మనిషి గురించి వాడు హాయిగా మాట్లాడగలిగాడు. నేను క్రియలు దిద్దాను, "వెరీ వెరీ హ్యాపీ" అన్న మాట తీసేయించాను. మిగతాది అలాగే ఉంచాను.

గడపలో కూర్చుని అనపకాయలు ఒలుస్తున్న అమ్మ తలెత్తింది. "ఫాదరు ఫాదరు అంటా ఉండావే, ఏం జెప్తా ఉండావు రా మీ నాయన గురించి?"

వాడు తెలుగులో చెప్పాడు. అమ్మ నవ్వింది.

"మీ నాయనా? సీటు పట్టుకొని పరిగెత్తినాడా? దాని మీద ఈగ వాలినా టైరు నొక్కి చూసేటోడు."

"పరీక్షకమ్మా. సుమ్మనే, ఊరికే చెప్పేది."

"పరీక్షకైతే బాగుండాది లే. ఇంగోసారి చెప్పు."

రెండోసారి చెబుతుంటే ఆమె చేతులు కాయల మీద ఆగిపోయాయి. తర్వాతి ఆదివారాల్లో మేము కూర్చోగానే ఆమె కూడా వచ్చి కూర్చునేది. పండుగల మీద, అంగళ్ల మీద నేను ప్రశ్నలు అడుగుతుంటే, "అవన్నీ ఉండనీ. ఆ మైదానంది చెప్పమను" అనేది.

తమ్ముడు గట్టెక్కాడు. ఈసారి సైకిలు ఊసే రాలేదట. ఒకవేళ అడిగితే ఏం చెప్పాలో తెలుసు కాబట్టి భయం లేకపోయిందని అన్నాడు.

వాడు వెళ్లేలోగా నాయన జ్ఞాపకార్థ ప్రార్థన ఇంట్లోనే పెట్టుకున్నాం. పాట అయ్యాక పాస్టరు గారు, ఇంటివాళ్లు ఎవరైనా రెండు మాటలు చెప్పమన్నారు. నలుగురిలో ఎప్పుడూ నోరు తెరవని అమ్మ లేచి నిలబడింది.

"పిల్లోడికి సైకిలు నేర్పించల్లని మైదానానికి తీసకపొయ్యి, సీటు పట్టుకొని ఎనకాలే పరిగెత్తినాడు అయ్యగారూ. పిల్లలంటే అంత ప్రాణం."

పక్కింటి తమిళామె కళ్లు తుడుచుకుంది. మా మేనత్త, "అవును, నేను గూడా చూసినాను" అంది. తమ్ముడు చాప వైపు చూస్తూ కూర్చున్నాడు. వాడిని ఎవరో భుజం తట్టి, అదృష్టవంతుడివప్పా అన్నారు. వాడు తల ఊపాడు.

అందరూ వెళ్లాక వంటింట్లో అడిగాను. "అమ్మా, అది వాడు పరీక్షకు చెప్పింది కదా."

"నాకు తెలీదా?" గిన్నెలు కడుగుతూనే అంది. "ఆ రైలు లేకుంటే చేసుండడా మీ నాయన?"

చేసి ఉండేవాడేమో. నాకు తెలియదు. నాకు తెలిసిన మనిషి చీకట్లో వంగి టైరు నొక్కి చూసుకునేవాడు. హ్యాండిలు మీద నా చెయ్యి కనబడితే ఏమీ అనకుండా తీసి పక్కన పెట్టేవాడు. ఆ మనిషి కోసమే నేను ఏడ్చాను. ఆ మాట అమ్మతో అనలేకపోయాను. తమ్ముడితో అనడానికీ మనసు రాలేదు. దేశం దాటి వెళ్లాక వాడు అక్కడ తోటి నర్సులకు కూడా మైదానం సంగతే చెప్పాడట. చెప్పడం సులువుగా ఉందక్కా అన్నాడు ఫోనులో.

నాయన ఆ సైకిలును ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదన్న మాట ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ అనరు.