బోగోలు సరుగుడు తోటలో వేలు పెట్టకుండా తీసిన ఫోటో

నెల్లూరులో ఒక ఫోటోగ్రాఫర్ల బృందం ప్రదర్శన పెడుతోంది, అడవి పుట్టగొడుగుల ఫోటోలు పంపమంటే నేనూ ఒకటి పంపాను. ఎర్త్‌స్టార్ ఫోటో. చూడనివాళ్లకు చెబుతున్నాను: నేల మీద నక్షత్రంలా విచ్చుకుని ఉంటుంది, మధ్యలో గోళీకాయంత సంచి, సంచి కొసన చిన్న చిల్లు. చినుకు పడితే ఆ చిల్లులోంచి పొగలాగా పొడి లేస్తుంది. ఆ పొడే దాని విత్తనం. నా ఫోటోను వెనక్కి పంపుతూ బృందం పెద్ద ఇలా రాశాడు: "వేలితో నొక్కి పొగ తెప్పించారు. చినుకు పడేదాకా ఆగి తీయాలి. రొయ్యలు ఒలిచేవాళ్లకు అంత ఓపిక ఎక్కడిది లెండి." దరఖాస్తులో ఉద్యోగం రాయమంటే రాశాను, అదీ నా తప్పు. మొదటి మాట నిజం, నొక్కాను. రెండో మాట న్యాయం. మూడో మాటకే ఒళ్లు మండింది. కొడవలూరు దగ్గర రొయ్యల ప్లాంటులో ఐదేళ్లుగా ఐసు నీళ్లలో చేతులు పెట్టి ఎనిమిదేసి గంటలు నిలబడుతున్నాను. తోక విరగకుండా నరం లాగే పని. ఓపిక గురించి నాకు చెప్పడానికి ఆయనెవరు? ఫోటోలకు ఆదివారం సాయంత్రం దాకా గడువు ఉంది. నాకు సెలవు ఆ ఒక్కరోజే. ఈసారి ముట్టుకోకుండా తీసి పంపాలని బయలుదేరాను.

ఉదయం ఆరుకు హైవే మీద కావలి వైపు వెళ్లే పల్లెవెలుగు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఛార్జీ లేదు. బోగోలులో దిగి రెండు ఇడ్లీలు తిని టీ తాగేసరికి ఏడయింది. అక్కడినుంచి సముద్రం వైపు షేర్ ఆటో, మనిషికి ముప్పై రూపాయలు. సరుగుడు తోటల దగ్గర దింపమంటే డ్రైవరు అద్దంలోంచి నన్ను పైకీ కిందకీ చూశాడు.

"ఫోటోలకా పాపా? పెళ్లికొడుకేడి?"

"ఫోటోలు నాకు కాదన్నా, కుక్కగొడుగులకి."

"తినేవా?"

"తినేవి కాదు."

"తినని దానికి ముప్పై రూపాయల ఆటో. బో ఉందిలే నీ యవ్వారం." వెనక చేపల గంపలతో కూర్చున్న ఇద్దరూ దిగేదాకా నవ్వుతూనే ఉన్నారు. నవ్వనీ అనుకున్నాను.

పెద్దవాన వెలిసి రెండు రోజులయింది. తెల్లవారుజామున మళ్లీ సన్నగా తుంపర పడింది. తోటలో సరుగుడు ఆకు దారాల్లా రాలి ఇసుక మీద గోధుమరంగు పరుపులా పరుచుకుని ఉంది. పాములకు భయపడి ప్లాంటులో ఇచ్చిన తెల్ల రబ్బరు బూట్లు వేసుకుని వెళ్లాను. ముందుకు చూస్తూ సాలు వెంబడి సాలు వెతికాను. ఏమీ దొరక్క వెనక్కి తిరిగితే ఒకటి కనిపించింది, నలిగిపోయి ఉంది. కాస్త అవతల ఇంకొకటి, అదీ నలిగింది. మూడోదాని సంచి పగిలి పొడి ఇసుకలో కలిసిపోయింది. తోట అంచున ముగ్గురు ఆడవాళ్లు ఇనుప పళ్ల కర్రలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. రాలిన ఆకు ఊడ్చి పొయ్యిలోకి తీసుకెళ్లేవాళ్లు. నేరుగా వెళ్లి అడిగేశాను.

"ఎవరక్కా వాటిని తొక్కింది? కాలు పెట్టేముందు కాస్త చూసుకోకూడదా?"

వాళ్లలో పెద్దావిడ నోట్లోని చుట్ట తీసింది. పేరు పోలమ్మ అని తర్వాత తెలిసింది. "మేమింకా తోటలో కాలే పెట్టలేదు మే. అయినా మా కాళ్లకు చెప్పులుండాయా? ఆ అచ్చులు ఎవరివో నీ బూటు తిప్పి చూసుకో."

తిప్పి చూశాను. తడి గచ్చు మీద జారకుండా అడుగున అడ్డగీతలు ఉంటాయి మా బూట్లకు. ఇసుకలోనూ అవే గీతలు. ఎక్కడో దూరాన ఉంటాయని చూపు దూరంగా సారించి కాలి కిందవి తొక్కుకుంటూ వచ్చింది నేనే. "దొంగే వచ్చి దొంగను పట్టియ్యమంటా ఉంది," అని పక్కావిడ అంది. బూట్లు విప్పి చేత పట్టుకుని, ఈసారి కాలి ముందు జానెడు నేలను చూసుకుంటూ నడిచాను. అరగంటకు చెక్కుచెదరనిది ఒకటి దొరికింది. ఆ సాలు పోలమ్మ ఊడ్చేది.

"మీరు ఊడిస్తే ఇది పోతుంది కదా అక్కా."

"పోతాది. ఈ పొద్దు ఆకు బయటికి లాగి ఎండేయకపోతే ముక్కిపోద్ది. నేను మాత్రం ఏం చేసేది?"

"మరి ఇంకా మొదలుపెట్టలేదేం?"

ఆవిడ పైకి చూపించింది. ప్రతి ఆకు కొసన ఒక నీటిబొట్టు వేలాడుతోంది. "ఇప్పుడు గాలి నేల మీద నుంచి వస్తా ఉంది. తొమ్మిది దాటినాక సముద్రం మీద నుంచి మళ్లుద్ది. అప్పుడు చెట్లన్నీ దులుపుకుంటాయి. ఆ నీళ్లు రాలిపోయినాకే మేం కర్ర పడతాం, లేకుంటే ఊడ్చిన ఆకు మళ్లా తడుస్తాది. నీ ఫోటో ఏందో ఆ మధ్యలో తీసుకో. నా సాలు ఆఖర్న చేస్తాలే. కాళ్లకు అడ్డం మాత్రం పడుకోబాక."

నేను ఆకాశంలో మబ్బు ఉందా లేదా అని చూస్తున్నాను. నాకు కావాల్సిన చినుకులు చెట్ల మీద వేలాడుతున్నాయని ఆవిడ చెప్పేదాకా తోచలేదు.

నాది సెకండ్ హ్యాండ్ ఫోను, దానికి తగిలించే ఆరువందల రూపాయల క్లిప్ లెన్సు. ప్లాంటు గ్లౌజులో ఇసుక నింపి, దాని మీద ఫోను ఆనించి, నక్షత్రానికి నాలుగు వేళ్ల ఎడంలో బోర్లా పడుకున్నాను. తొమ్మిదీ ఇరవైకి మెడ వెనక చల్లగా తగిలింది. గాలి మళ్లింది. చెట్లు ఒక్కసారిగా కదిలి నీళ్లు టపటపా రాలాయి. నా వీపు మీద, ఫోను మీద, ఆ నక్షత్రం చుట్టూ జానెడు దూరంలో పడ్డాయి గానీ దాని మీద ఒక్కటీ పడలేదు. పావుగంట, అరగంట. రాలేవి తగ్గిపోతున్నాయి. నా చూపుడువేలు దానికి రెండు అంగుళాల దూరంలోనే ఉంది.

"తట్టు మే, ఎవరు చూడొచ్చారు?" అని అదే పక్కావిడ అంది.

"నేను చూస్తున్నా కదక్కా," అన్నాను.

పది దాటాక లావు బొట్టొకటి సంచి మీద పడింది. పొగ లేచింది. వరసగా పద్నాలుగు షాట్లు పడితే పదమూడు మసక. ఒక్కదాంట్లో పగులుతున్న బొట్టు, చిల్లు, పైకి లేస్తున్న పొడి స్పష్టంగా వచ్చాయి. పోలమ్మ ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఇది కూడా చుట్ట తాగుతాదే," అంది. తర్వాత చెప్పినట్టే తన సాలు ఆఖర్న ఊడ్చింది. ఆ నక్షత్రం ఆకుతో పాటు కుప్పలోకి పోయింది. నా ముఖం చూసి, "పొడి ఇసుకలో పడింది గదా, మళ్లా వానకి మొలుస్తాది," అంది. మిగిలిన రెండు కుప్పలు నేనూ ఒక పట్టు పట్టి బయటికి లాగాను.

తోటలో సిగ్నల్ లేదు. మధ్యాహ్నం బోగోలు బస్టాండులో నిలబడి ఫోటో పంపాను, సంజాయిషీ ఏమీ రాయలేదు. మంగళవారం జవాబు వచ్చింది: "తీసుకున్నాం. బాగుంది." ఫోటో కింద పేరుతో పాటు రొయ్యల ప్లాంటు కార్మికురాలు అని కూడా వేయమన్నాను. వేశారు.

గర్వంగా ఉందా అంటే ఉంది, దాచుకోను. నాకు కెమెరా పట్టుకోవడం ఎవరూ నేర్పలేదు. పుట్టగొడుగుల కోసం కొండలకూ అడవులకూ పోవాలని లక్షల కెమెరాలున్నవాళ్లు అంటుంటారు. నేను ఇంటినుంచి గంటన్నరలో చేరే ఉప్పుగాలి ఇసుకలో వాటిని చూశాను. కోపంతో వెళ్లానన్నది నిజమే. కానీ బోర్లా పడుకున్న ఆ నలభై నిమిషాల్లో ఆ పెద్దమనిషి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఆ నలభై నిమిషాలు పూర్తిగా నావి.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా: పెద్దవాన వెలిసిన మూడో రోజు, ఎనిమిదిలోపు తోటలో ఉండండి. లోపలికి అడుగుపెట్టే ముందు ఆకు ఊడ్చేవాళ్లను పలకరించి, ఏ సాలు ఎప్పుడు ఊడుస్తారో అడగండి. ఆ తోట గురించి వాళ్లకు తెలిసినంత మన ఫోనుకు తెలియదు.