నరసమ్మ ఉపసంహరణ పత్రం

నా పదవీ విరమణకు ముందటి చలికాలంలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ప్రధానోపాధ్యాయుడినైన నన్ను అయిజ వైపు మూడు గ్రామాలకు రిటర్నింగ్ అధికారిగా వేశారు. నామినేషన్లు తీసుకోవడం, పరిశీలించడం, తప్పుకునేవారి ఉపసంహరణ పత్రాలు స్వీకరించడం నా పని. ఆఖరు రోజు మధ్యాహ్నం మూడు దాటితే ఎవరూ తప్పుకోలేరు. తప్పుకున్నవారు మళ్లీ వస్తామన్నా కుదరదు.

ఒక ఊరిలో మహిళకు కేటాయించిన సర్పంచ్ పదవికి ఇద్దరే నామినేషన్ వేశారు. పెద్దలు కూర్చుని ఒకామెను ఖాయం చేశారు. రెండో ఆమె నరసమ్మ, కౌలుకు మిరప వేసే రైతు. ఆమె తప్పుకుంటే ఏకగ్రీవం. మిగిలిన ఒక్కరిని ఓటింగ్ లేకుండానే ఎన్నికైనట్టు ప్రకటించాలని నియమం. ఎవరు గెలిచారో తేలితే అదీ ఎన్నికే కదా అనుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే, పెట్టెలు మోసే పని తప్పుతుందని నా నెత్తిన పాలు పోసినట్టయింది.

ఆఖరు రోజు మధ్యాహ్నం రెండున్నరకు పెద్దలు నరసమ్మను జీపులో తీసుకొచ్చారు. అందరికంటే ముందు నడిచినవాడు ఆమె భర్తకు అన్న. గెలవబోయే ఆమె కోసం దండ కూడా తెచ్చారు. పత్రం నింపి ఉంది, నా ఎదుట సంతకం పెట్టడమే మిగిలింది. ఇష్టంతోనే తప్పుకుంటున్నారా అమ్మా అని అందరి ముందే అడిగాను. అంతకంటే బుద్ధి తక్కువ ప్రశ్న నా సర్వీసులో వేయలేదు.

ఆమె కలం పట్టుకుని, "సార్, వీళ్లను జర బయటికి పంపుండ్రి," అన్నది.

పంపించి తలుపు వేశాను. సంతకం పెట్టకుంటే ఏమవుతుందని అడిగింది. పోలింగ్ జరుగుతుందన్నాను. కలం బల్ల మీద పెట్టేసింది.

"మూడయ్యేదాంక ఈడ్నే కూసుంట సార్. బయటికి పోతే మా బావ మొకం జూసి కాదనలేను."

బావ రెండుసార్లు తలుపు తట్టాడు. అభ్యర్థి లోపల ఉన్నారు, ఆగమన్నాను. ఆమె కుర్చీ వదల్లేదు. ఆ మనిషి మీద నాకు ఎంతో గౌరవం కలిగింది. మేం అధికారులం, ఊరి పెద్దలకు ఎదురు చెప్పి మా దారిన పోతాం. ఆమె సాయంత్రం మళ్లీ వాళ్ల మధ్యకే పోవాలి.

మూడు దాటాక ఇద్దరి పేర్లూ గుర్తులతో సహా నోటీసు బోర్డు మీద పెట్టించాను. బావ ముఖం మాడిపోయింది. "గిదేంది నరసా, అందర్ల ఇజ్జత్ దీసినవ్," అన్నాడు. ఆమె తల వంచుకుని, జీపు ఎక్కకుండా, బస్సు కోసం నడిచింది.

పోలింగ్ నాడూ నాకు ఆ ఊరిలోనే డ్యూటీ పడింది. పొద్దున్నే ఊరు ఊరంతా వరుస కట్టింది. మధ్యాహ్నం లెక్కింపులో నరసమ్మ ఓడిపోయింది. ఫలితం ప్రకటించాక నా దగ్గరికి వస్తే, ఏదో ఓదార్పు చెప్పబోయాను.

"ఓడిన సార్. గని నన్ను ఒద్దన్నది ఊరు. ఆ నలుగురు గాదు," అన్నది.

ఎన్నిక అంటే గెలిచినవారి పేరు తేల్చడమని నా సర్వీసంతా అనుకున్నాను. ఓడినవారిని కాదన్నది ఎవరో తేలడం కూడా ఎన్నికేనని ఆమె దగ్గర నేర్చుకున్నాను.