అన్నింటికీ తలూపే పిల్ల

మా పాపకు తొమ్మిదేళ్లు. బుద్ధి ఎదుగుదల తక్కువ, మాటలూ కొద్దిగానే వచ్చాయి. తర్లుపాడు నుంచి మార్కాపురంలోని ప్రత్యేక పిల్లల బడికి రోజూ ఆటోలో వెళ్లేది. ఆటో మా ఆయనకు అన్న వరసయ్యే అతనిది. ఒకరోజు ఉన్నట్టుండి ఎక్కనంది. ఆ తర్వాత ఆటో చప్పుడు వింటే చాలు, మంచం కింద దూరి తన చెయ్యి తనే కొరుక్కునేది. ఇలాగే మానేస్తే పేరు తీసేయాల్సి వస్తుందని బడివాళ్లు చెప్పారు. దగ్గర్లో అలాంటి బడి ఇంకొకటి లేదు.

కౌన్సెలింగ్ చేసే మేడం దగ్గరకు బస్సులో తీసుకెళ్లాం. బస్సుకు ఏ పేచీ పెట్టలేదు. దాంతో నా అనుమానమంతా ఆటో నడిపే మనిషి మీదికే పోయింది. అదే మేడంతో చెప్పాను.

"పెదనాయన కొట్టినాడా?" అని మేడం అడిగింది. పాప తలూపింది.

మా ఆయన లేచాడు. "ఇంకేం అడగాల? చెప్పింది గదా. అన్న లేదు గిన్న లేదు, ఈ పొద్దే తేల్చుకుంటా."

"కూచోండి సార్" అని మేడం మళ్లీ పాప వైపు తిరిగింది. "మీ నాయన కొట్టినాడా?" తలూపింది. "నేను కొట్టినానా?" దానికీ తలూపింది.

మా ఆయన కూర్చున్నాడు.

"నేను అడిగిన తీరే బాగలేదు. మీ ఇంట్లో పాప 'కాదు', 'వద్దు' అంటే ఏమంటారు?" అంది మేడం.

ఏమంటాం, మొండిఘటం అంటాం. పెద్దవాళ్లు ఏమడిగినా తలూపితే బంగారుతల్లి అని ముద్దుపెట్టుకుంటాం. చర్చిలో చుట్టాల ముందు తలూపించి మరీ చూపిస్తాం.

తర్వాతి వారం వెళ్లినప్పుడు మేడం ఏమీ అడగలేదు. బొమ్మ ఆటో, కొన్ని మనుషుల బొమ్మలు, జంతువుల బొమ్మలు చాప మీద పెట్టి పక్కన కూర్చుంది. నన్ను మాట్లాడొద్దంది. చాలాసేపటికి పాప మేకబొమ్మను ఆటోలో పెట్టి, బీరువా కిందికి తోసేసింది. లేదన్నట్టు రెండు చేతులూ విప్పి చూపింది. తర్వాత పిల్లబొమ్మను తీసి ఒళ్లో దాచుకుంది.

అప్పుడర్థమైంది. పాప సీసాతో పాలు పట్టి సాకిన మేకపిల్లను, బడికి పోనని మొండికేసే ముందే, పొదిలిలో అమ్మడానికి ఆ ఆటోలోనే పంపాం. పాప ఏడుస్తుందని, మేక మళ్లీ వస్తుందిలే అని చెప్పాం.

"ఉన్నది చెప్పండి. చిన్న చిన్న మాటల్లో" అంది మేడం.

మా ఆయన చాప మీద కూర్చున్నాడు. "మేకను అమ్మినాం. ఇంక రాదు. నువ్వు పోతావు, వస్తావు." మూడుసార్లు చెప్పాడు. పాప ఏడ్చింది. ఏడుపు మాన్పించబోతే మేడం వద్దంది.

ఇప్పుడు రోజూ పోయి రావడం నేర్పుతున్నాం. ఇల్లు, ఆటో, బడి, మళ్లీ ఇల్లు, ఈ వరసలో ఫొటోలు పాప చేతిలో ఉంటాయి. మొదట వీధి చివరి దాకా వెళ్లి వెనక్కి వచ్చాం.

"ఏందమ్మా, అరగంటకు అర వీధి. ఎద్దులబండి నయం" అన్నాడు ఆటో నడిపే బావ. అయినా కిరాయి వదులుకుని వస్తూనే ఉన్నాడు. ఆయన గురించి మేం ఏమనుకున్నామో ఆయనకు తెలియదు. చెప్పే ధైర్యం నాకు లేదు.

ఈ రోజు మార్కాపురం దాకా పోయి వచ్చాం. నా చెయ్యి వదల్లేదు గాని, కొరుక్కోలేదు. రేపు నేను ఎక్కకూడదని మేడం చెప్పింది. వాకిట్లో నిలబడి పంపి, సాయంత్రం అదే చోట నిలబడాలట. పాప నిద్రపోయింది. నాకే పట్టడం లేదు.