ఉప్పు సంగతి తేల్చిన రైలు

డాలస్ నుంచి షికాగోకి విమానంలో రెండున్నర గంటలు. మేం రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ కూర్చున్నాం. కారణం గోంగూర. క్రితంసారి సుధక్క పచ్చడి సీసాలు సూట్‌కేసులో పెట్టి విమానం ఎక్కితే, దిగేసరికి ఆమె బట్టలన్నీ ఒకే రంగుకి వచ్చాయి.

సుధక్క మా పెద్దమ్మ కూతురు. గ్రీన్ కార్డ్ రాగానే టెస్టింగ్ ఉద్యోగం మానేసి, డాలస్ పక్కనే ఇర్వింగ్‌లో లైసెన్స్ ఉన్న కిచెన్ అద్దెకు తీసుకుని పచ్చళ్ళు మొదలుపెట్టింది. పార్టీల్లో తిన్నవాళ్ళంతా ‘అమోఘం’ అన్నారు. కొన్నవాళ్ళు మాత్రం లేరు. షికాగో పక్క షామ్‌బర్గ్‌లో కిరాణా కొట్టున్న అంకుల్ ఒకాయన సీసాలు తెచ్చి చూపించమన్నాడు. అక్కడా కుదరకపోతే కిచెన్ వదిలేసి మళ్ళీ టెస్టింగే. నేను సీసాలు మోయడానికి వెళ్ళాను.

మధ్యాహ్నం బావ స్టేషన్‌లో దింపాడు. రైలు గంట ఆలస్యం. ఈ దేశంలో రైలెక్కేవాళ్ళు ముందు అది గుర్తుపెట్టుకోవాలి. రెండోది, సీట్లు విశాలం, ఏసీ మాత్రం మనుషుల్ని నిల్వ పెట్టడానికి వేసినట్టుంటుంది. దుప్పటి తప్పనిసరి.

టెక్సాస్ దాటకముందే ఆకలేసి కెఫే పెట్టెకు వెళ్ళాం. అక్కడ టేబుళ్ళు అందరివీ. మా ఎదురుగా అమెరికా చూడ్డానికొచ్చిన ఇంగ్లండ్ దంపతులు కూర్చున్నారు. కీత్‌ది ఉత్తరాన యార్క్‌షైర్, జూడిత్‌ది దక్షిణాన లండన్ పక్క ఊరు. అక్క పెరుగన్నం డబ్బా తీసి, అడగకుండానే వాళ్ళకీ గోంగూర కలిపి పెట్టింది.

జూడిత్ ఒక ముద్ద తిని, కళ్ళు తుడుచుకుని, “ఎంత బాగుందో!” అంది. మిగతాది న్యాప్‌కిన్‌లో పొట్లం కట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

కీత్ మొత్తం తిన్నాడు. నీళ్ళు తాగాడు. “ఉప్పెక్కువ. నేనైతే కొనను” అన్నాడు.

అక్క మొహం మాడిపోయింది. “మీకు అలవాటు లేదు కదా” అంది.

“ఆకు అలవాటు లేదమ్మా. ఉప్పు మాకూ ఉంది.”

జూడిత్ సర్దిచెప్పబోయింది. “ఈ నార్త్ వాళ్ళంతే, ఏమీ అనుకోకండి. పెళ్ళికి ముందు మా అమ్మ చేసిన కేకు తిని, ఎండిపోయిందని ఆవిడ మొహం మీదే అన్నాడు.”

“ఈ సౌత్ వాళ్ళు ఇల్లు తగలబడుతున్నా, ఇవాళ కాస్త వెచ్చగా ఉంది కదూ అంటారు” అన్నాడు కీత్ నాతో.

“అయితే కేకు నిజంగా ఎండిపోయిందాండీ?” అని అడిగాను.

జూడిత్ కిటికీలోంచి బయటికి చూసింది. “ఇసుకలా ఉంది” అంది చివరికి. కీత్ గిరుక్కున ఆవిడ వైపు తిరిగాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఒప్పుకోవడం అదే మొదటిసారట.

సీట్లోకి తిరిగొచ్చాక అక్క అడిగింది. “ఒరేయ్, నువ్వు చెప్పు. ఉప్పెక్కువా?”

“అబ్బే, అన్నం కాస్త ఎక్కువ కలుపుకుంటే సరిపోద్దక్కా.”

“కాస్తంటే?”

“కుక్కరంతా.”

తెల్లారి సెయింట్ లూయిస్ వచ్చేదాకా అక్క నాతో మాట్లాడలేదు. నాకు హాయిగా నిద్రపట్టింది.

మర్నాడు షికాగోలో దిగి, లోకల్ రైల్లో షామ్‌బర్గ్ చేరాం. కొట్టు అంకుల్ కౌంటర్ వెనకాలే వేలితో రుచి చూసి, “చాలా బావుందమ్మా! చూద్దాం. నేనే ఫోన్ చేస్తా” అన్నాడు.

ఇదివరకైతే అక్క ఆ మాటకే మిఠాయి కొనుక్కుని బయటికొచ్చేది. ఈసారి కదల్లేదు. “అంకుల్, ఉప్పెక్కువ కదా?”

అంకుల్ అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. “నువ్వే అడిగావ్ కాబట్టి చెప్తున్నా తల్లీ. సముద్రం తిన్నట్టుంది. పులుపు మాత్రం మా ఊళ్ళో పులుపే. ఉప్పు సగం చేసి పట్రా, ముందర షెల్ఫ్‌లో పెడతా.” సీసా మూత బిగిస్తూ, “ఇక్కడికి పచ్చడి తెచ్చిన ప్రతివాళ్ళకీ చాలా బావుందనే చెప్పానమ్మా. ఒక్కళ్ళకీ ఫోన్ చెయ్యలా” అన్నాడు. ఏదో బరువు దించుకున్నట్టు మా ఇద్దరికీ టీ కూడా ఇచ్చాడు. టీలో పంచదార ఎక్కువైంది. చాలా బావుందన్నాను.

తిరుగు రైల్లో అక్క మంచి హుషారుగా ఉంది. ఉప్పు సగం చేస్తే నిల్వకి నూనె ఎంత పొయ్యాలో లెక్కలేస్తూ, ఉన్నట్టుండి బావకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

“ఏవండీ, నా గోంగూరలో ఉప్పెక్కువా? నిజం చెప్పండి.”

“హలో? హలో? సిగ్నల్ లేదు సుధా...” అని ఫోన్ పెట్టేశాడు బావ. మిస్సోరీ అడవుల్లో ఉన్న మాకు సిగ్నల్ నిండా ఉంది. ఇర్వింగ్‌లో సోఫాలో కూర్చున్న ఆయనకి లేదు.

ఇంగ్లండ్‌లో ఉత్తరం దక్షిణం రెండూ ఉన్నాయి. మొహమాటంలో మనం మొత్తం దక్షిణమే అనుకుంటూ దుప్పటి కప్పుకుంటుంటే అక్క ఫోన్ మోగింది. బావ మెసేజ్.

‘కొంచెం ఎక్కువే. పెళ్ళైన దగ్గర్నుంచీ.’

అక్క రెండుసార్లు చదువుకుంది. తర్వాత నా వైపు తిరిగి, “పప్పులో కూడానా?” అంది.

నేను దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను.